చిన్న ఇంటి పైకప్పు

వాతావరణ మార్పు అనగానే కరుగుతున్న మంచుకొండలు, పొంగుతున్న సముద్రాలు మనకు స్ఫురిస్తాయి. అవి వాస్తవాలే. అయితే పట్టణాలలో నివసించే మన కుటుంబాలలో అనేకమందికి ఈ మార్పు మొట్టమొదట తెలిసేది ఇంటి పైకప్పు ద్వారానే. వేసవిలో ఇషా నమాజు ముగించుకొని ఇంటికి చేరేసరికి కూడా గోడ తాకితే వేడిగా ఉంటుంది. రేకుల కింద పడుకున్న పసిబిడ్డ తెల్లవారుజాము దాకా కుదురుగా నిద్రపోదు. అందుచేత ఈ నెల ఆ పైకప్పు గురించే మాట్లాడుకుందాం.

సిమెంటు, తారు, ఇనుప రేకు పగలంతా ఎండను పీల్చుకొని రాత్రి వేళ ఆ వేడిని వదులుతాయి. చెట్లు, చెరువులు తరిగిపోయి ఇళ్లు ఒకదానికొకటి ఆనుకొని లేచిన నగరంలో ఆ వేడి బయటికి పోయే దారి ఉండదు. ఏసీ గలవారు తమ గదిని చల్లబరచుకొని లోపలి వేడిని గల్లీలోకి నెట్టివేస్తారు. 2015 వేసవిలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాలలో 2,000 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఎండలో పనిచేసే కూలీలు, వృద్ధులు వారిలో అధికం.

2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. ఐదేళ్లలో రాష్ట్రమంతటా 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులను ఎండను తిప్పికొట్టే విధంగా మార్చాలన్నది దాని లక్ష్యం. అందులో 200 చదరపు కిలోమీటర్లు హైదరాబాద్ బాహ్యవలయ రహదారి లోపలివే. పైకప్పుకు తెల్లని ప్రత్యేక రంగు, తెల్లని పలకలు లేదా పొర వేస్తే సూర్యకాంతిలో అధికభాగం వెనక్కి మళ్లిపోతుంది. దీనికి యంత్రం అక్కరలేదు, విద్యుత్తూ అక్కరలేదు. ఇది మెచ్చుకోదగిన ఆలోచన.

అయితే ఆ విధానం ఎవరి ఇంటిని చేరుతుందో కూడా చూడాలి. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు, ప్రభుత్వం పేదలకు కట్టించే ఇళ్లకు ఇది తప్పనిసరి. ఇతర నివాస గృహాల విషయంలో 600 గజాలు, అంతకు మించిన స్థలాలకే తప్పనిసరి. అంతకన్నా చిన్న ఇళ్లకు యజమాని ఇష్టం. పైగా ఈ నిబంధనను అమలు చేయించే సాధనం ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. అది కొత్తగా కట్టే భవనాలకు సంబంధించినది. నలభై, యాభై గజాలలో ఎప్పుడో లేచిన రేకుల ఇంటికి అటువంటి పత్రం అడిగేవారూ లేరు, తీసుకున్నవారూ లేరు. చట్టం చేయి అక్కడిదాకా చాచదు. అందరికన్నా ఎక్కువగా కాలుతున్న పైకప్పులు మాత్రం అవే.

ఇందులో జీవనోపాధి ప్రశ్న కూడా ఇమిడి ఉంది. లాడ్ బజార్‌లో తళతళలాడే లక్క గాజులను చూడండి. పాతబస్తీలో వాటి తయారీ చాలావరకు ఇళ్లలోనే, చిన్న గదులలోనే సాగుతుంది. లక్కను నిప్పుల మీద మెత్తబరచి, గాజుగా మలచి, ఆ వేడి ఆరకముందే రాళ్లు, అద్దాలు పొదగాలి. పైన కాలే రేకు, ముందు నిప్పుల కుంపటి. జర్దోజీ కుట్టేవారిదీ ఇదే స్థితి. చెమట చేతులతో పట్టుచీర మీద జరీ పని చేయడం సులభం కాదు. వీరికి నెలజీతం లేదు, చేసినంత పనికే కూలి. మధ్యాహ్నం మూడు గంటలు పని ఆగితే ఆ మూడు గంటల సంపాదన పోయినట్లే. ఇలా పని చేసేవారిలో ఎందరో మన తల్లులు, అక్కాచెల్లెళ్లు. భవనాలను కొలిచే విధానానికి ఇంట్లో జరిగే ఈ శ్రమ కనిపించదు.

దీనికి మార్గం లేకపోలేదు. అహ్మదాబాద్‌లో 2010 మే నెల వడగాడ్పుల వేళ మామూలుగా సంభవించే మరణాలకన్నా 1,300కు పైగా అధికంగా సంభవించాయి. ఆ విషాదం తరువాత ఆ నగరం 2013లో ఎండల కార్యాచరణ ప్రణాళికను రూపొందించుకుంది. 2017లో బస్తీలలోని సుమారు 3,000 ఇళ్ల పైకప్పులకు తెల్లరంగు వేయించింది. అంటే పేదల ఇళ్లనుంచే పని ప్రారంభించింది. అదే ఏడాది హైదరాబాద్‌లోనూ ఒక బస్తీలో 25 ఇళ్ల మీద తెల్లని పొర పరచి చూశారు. లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలేనా అని తేలికగా తీసుకోరాదు. జ్వరం కొలిచిన తల్లికి రెండు డిగ్రీల విలువ తెలుసు.

ఖర్చు సంగతి. విధానం ప్రకటించినప్పుడు చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలని చెప్పారు. ఆ లెక్కన యాభై గజాల పైకప్పుకు పన్నెండు వేల అయిదు వందల రూపాయల వరకు అవుతుంది. రోజు కూలీకి ఇది పెద్ద మొత్తమే. అద్దె ఇళ్ల విషయంలో ఇంకొక చిక్కు ఉంది. రంగు ఖర్చు యజమానిది, ఎండ బాధ, కరెంటు బిల్లు అద్దెదారువి. కాబట్టి ఇద్దరిలో ఎవరూ ముందుకు రారు.

మన మొహల్లాలు చేయగల పనులు కొన్ని ఉన్నాయి. రమజాన్‌కు ముందు మస్జిద్‌లకు వెల్ల వేయించే ఆనవాయితీ మనకు ఉన్నదే. ఆ పనివారినే పిలిపించి మస్జిద్, మదరసా పైకప్పులకూ తెల్లరంగు వేయించవచ్చు. తరువాత అదే గల్లీలోని వితంతువుల, వృద్ధుల, ఇంట్లో పనిచేసుకొనే స్త్రీల ఇళ్లను గుర్తించి, తలా కొంత సదఖాతో ఏటా పది ఇళ్లయినా పూర్తి చేయవచ్చు. ఇందువల్ల మన రంగులు వేసే యువకులకూ పని దొరుకుతుంది. ప్రత్యేక రంగుకు స్తోమత లేనివారు జిగురు కలిపిన సున్నమైనా రెండు పూతలు వేసుకోవచ్చు. వానలకు అది కరిగిపోతుంది గనుక ఏటా వేసుకోవాలి. దుమ్ము పేరుకుంటే ఏ రంగైనా గుణం కోల్పోతుంది కాబట్టి అప్పుడప్పుడు కడగాలి. సిమెంటు రేకుల మీదికి మాత్రం పిల్లలను ఎక్కించకండి, అవి విరిగిపోతాయి. చెక్క పలక పరచి, నేర్పరి చేతనే వేయించండి.

ఇళ్లు అద్దెకిచ్చే సోదరులకు ఒక విజ్ఞప్తి. మీ ఇంట్లో ఉన్నవారు మీకు అద్దె చెల్లించేవారు మాత్రమే కారు, మీ పొరుగువారు కూడా. ఈ వేసవికి ముందు ఒక్కసారి మధ్యాహ్నం వేళ ఆ గదిలో గంటసేపు కూర్చోండి. రంగు వేయించాలో వద్దో అప్పుడు నిర్ణయించుకోండి.

ఇది ప్రభుత్వ బాధ్యతను మన భుజాలకు ఎత్తుకోవడం కాదు. ఆరు వందల గజాల లోపు ఇళ్లకు సహాయం అందించాలని మునిసిపల్ కార్యాలయంలో, కార్పొరేటర్ వద్ద మొహల్లా పక్షాన అర్జీ పెట్టాలి. ఇంటింటి పైకప్పుల వివరాలు, అక్కడ సాగే పనుల వివరాలు రాసి ఆ అర్జీకి జతచేయాలి. లెక్కలోకి రానిదాన్ని ఏ విధానమూ పట్టించుకోదు. మన చిన్న ఇళ్లను ఆ లెక్కలోకి తేవలసిన పని మనదే.