విదేశీ చదువంటే కంప్యూటరేనా?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి విదేశాలకు వెళ్లే పిల్లల్లో చాలామంది కంప్యూటర్ చదువులకే వెళ్తున్నారు. మానవ హక్కుల కోర్సు అంటే 'అది కూడు పెడుతుందా?' అని ఇంట్లోనే అడ్డు ప్రశ్న.

అలా అడిగేవారు మిర్యాలగూడను తలచుకోవాలి. 2018 సెప్టెంబరులో, కులాంతర వివాహం చేసుకున్నందుకు దళిత యువకుణ్ణి అక్కడ పట్టపగలు నరికి చంపారు. నల్గొండ కోర్టు తీర్పు 2025 మార్చిలో గానీ రాలేదు. అన్నేళ్లూ సాక్షులకు ధైర్యం చెప్పి, కేసును నిలబెట్టే చదువరులు ప్రతి ఊరికీ అవసరం.

ఈ చదువులో తరగతి పాఠాలతోపాటు న్యాయ సహాయ సంస్థల్లో శిక్షణ ఉంటుంది. కొన్ని కోర్సుల్లో పరాయి కుటుంబంతో కలిసి ఉండాలి. ముక్కూమొహం తెలియని వారింట భోంచేసి వచ్చినవారికి, మన ఊళ్లో ఎవరిని గడప దాటనివ్వడం లేదో ఇట్టే కనబడుతుంది.

అంబేడ్కర్ 1913లో బరోడా సంస్థానం ఉపకార వేతనంతోనే కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ఆయన పేరిట ఉన్న విదేశీ విద్యానిధి కింద తెలంగాణ ప్రభుత్వం దళిత విద్యార్థులకు రూ.20 లక్షల దాకా ఇస్తున్నది. ఇది ఇంజనీరింగుకే కాదు, సామాజిక శాస్త్రాలకూ వర్తిస్తుంది. ఈ సంగతి పల్లెల్లో ఎందరికి తెలుసు? సంక్షేమ శాఖాధికారులు కళాశాలలకు వెళ్లి చెప్పాలి. తల్లిదండ్రులు అడ్డుపడరాదు.