మైత్రీ బాగ్ కూడా జాతి ఆస్తియే

భారత–సోవియట్ స్నేహానికి చిహ్నంగా భిలాయి ఉక్కు కర్మాగారం 1972లో మైత్రీ బాగ్‌ను నెలకొల్పింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినదీ ఆ సంవత్సరమే. సోవియట్ యూనియన్ అంతరించింది. తెల్లపులులను చూసేందుకు వచ్చే జనసందోహం మాత్రం తరగలేదు.

ప్రభుత్వరంగ పరిశ్రమలు జాతి ఆస్తి అన్న నినాదం భిలాయికి కొత్త కాదు. ఆ పరిశ్రమ నడిపే జంతుప్రదర్శనశాల కూడా జాతి ఆస్తియే కదా! మరి బోనులోనికి వేరుశెనగలు విసిరే చేయి, పులి లేచి నిలబడాలని ఈలవేసే నోరు ఎవరివి? తినుబండారం పెట్టడం దయ అని సందర్శకుడు భావించవచ్చును. చట్టం అలా భావించలేదు. జంతువులకు తిండి పెట్టడం, వాటిని ఏడిపించడం, శబ్దాలతో కలతపెట్టడం, ఆవరణలో చెత్త వేయడం 38జె సెక్షన్ కింద నిషిద్ధం. శిక్ష ఆరు నెలల జైలు వరకు ఉండవచ్చును. అయితే నేరమంతా సందర్శకునిదే అనడం అన్యాయం. చెత్తబుట్ట, తాగునీరు, మాటతో వారించే కాపలాదారు లేనిచోట హెచ్చరిక బోర్డు ఎవరినీ ఆపదు.

ఇది కంచె ఉన్నచోటి సంగతి. పొరుగున బెమెతరా జిల్లాలోని గిధ్వా–పర్సదా చిత్తడి నేలలకు శీతకాలంలో వలసపక్షులు వస్తాయి. 2021లో అక్కడ పక్షుల పండుగ జరిపి పర్యాటకులను పిలిచారు; మంచిదే. అక్కడ బోనులు లేవు. గట్టుమీద ఒక్క డీజే మోగితే చెరువు ఖాళీ అవుతుంది.