ఎడారి ఎండలో హెంపు సాగు: డిగ్రీలతోపాటు లీటర్లూ లెక్కకు రావాలి

అమెరికాలోని అరిజోనా రాష్ట్ర రాజధాని ఫీనిక్స్‌లో 2023 జూన్ 30 నుంచి జూలై 30 వరకు వరుసగా 31 రోజులపాటు గరిష్ఠ ఉష్ణోగ్రత 43.3 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గలేదు. జూలై 19న కనిష్ఠ ఉష్ణోగ్రత సైతం 36.1 డిగ్రీలు. ఇటువంటి రాష్ట్రంలో 2018 నాటి సమాఖ్య వ్యవసాయ చట్టం తరువాత పారిశ్రామిక హెంపు, 2020 నవంబరు ప్రజాభిప్రాయ సేకరణ తరువాత గంజాయి చట్టబద్ధంగా సాగవుతున్నాయి. రెండూ కానబిస్ సటైవా అనే ఒకే జాతి. ఎండు బరువులో టీహెచ్‌సీ 0.3 శాతం మించనిదే అక్కడి చట్టం దృష్టిలో హెంపు. (హెంపు అనగానే జనుము స్ఫురించడం మనవారిలో కద్దు. జనుము పప్పుజాతికి చెందిన వేరొక మొక్క.)

ఈ పంటను చల్లగా ఉంచాలంటే పాలీహౌస్‌లోని గాలిని చల్లబరచాలన్నది మొదట తోచే సమాధానం. అది తప్పు కాదు, కానీ వరుసలో చివరగా రావలసినది.

మిసిసిపీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2008లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ఈ మొక్క ఆకులో కిరణజన్య సంయోగక్రియ 30 డిగ్రీల వద్ద, 1500 మైక్రోమోల్ కాంతి తీవ్రత వద్ద గరిష్ఠ స్థాయికి చేరుతుంది. ఎడారి మధ్యాహ్నపు ఎండ తీవ్రత సుమారు 2000. అంటే 30 శాతం నీడనిచ్చే వల కింద పై ఆకులకు ఇంకా 1400 వరకు అందుతుంది. కింది ఆకులకు కొంత వెలుతురు తగ్గుతుంది, నిజమే. అయినా వేడి భారంలో దాదాపు మూడో వంతు నీటిచుక్క ఖర్చు లేకుండా తొలగిపోతున్నప్పుడు ఆ నష్టాన్ని భరించవచ్చు. నీడ వలను తాత్కాలిక ఉపాయంగా, చిన్న రైతు సరంజామాగా చూసే ధోరణి విడనాడవలసి ఉంది.

నీడ తరువాతి స్థానం వేరుది. ఆకు తన బాష్పోత్సేకంతో తననే చల్లబరచుకొంటుంది. నీరు సమృద్ధిగా అందే మొక్క ఆకు పొడి గాలిలో పరిసరాలకంటే కొన్ని డిగ్రీలు చల్లగా ఉండగలదు. అయితే 43 డిగ్రీల వేడి, 10 శాతం తేమ ఉన్న గాలిలో బాష్పపీడన లోటు 7.8 కిలోపాస్కల్‌లకు చేరుతుంది. పాలీహౌస్ పంటలకు సాధారణంగా కోరుకొనేది ఒకటి, ఒకటిన్నర మధ్య. ఆ లాగుడుకు వేరు నీరందించలేకపోతే పత్రరంధ్రాలు మూసుకొంటాయి, ఆకు గాలికంటే వేడెక్కుతుంది. నల్ల ప్లాస్టిక్ కుండీని ఎండలో పెట్టి పైన గాలిని చల్లబరచేవారు ఈ సంగతిని విస్మరిస్తున్నారు. తెల్లని కుండీ లేదా నేలలోనే నాటడం, లేతరంగు ఆచ్ఛాదన, తక్కువ మోతాదులో పలుమార్లు బిందు సేద్యం: చౌకైన శీతలీకరణ ఇదే. ఆకులపై నీరు చిమ్మడం మాత్రం మంచిది కాదు. ఎడారి నీటిలోని లవణాలు ఆకుపై పేరుకొంటాయి. పూత దశలో తడి నిలిస్తే బూజు తెగులుకు ఆహ్వానం పలికినట్లే.

ఇక ఫ్యాన్-ప్యాడ్ పద్ధతి. పై వాతావరణంలోనే తడి బల్బు ఉష్ణోగ్రత సుమారు 20 డిగ్రీలు. ప్యాడ్ సామర్థ్యం 80 శాతమైతే లోనికి వచ్చే గాలి 25 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అద్భుతమే. జూలైలో అక్కడి వర్షాకాలపు తేమ ప్రవేశించి గాలి 40 డిగ్రీలు, 30 శాతం తేమగా మారితే అదే యంత్రం 29 డిగ్రీల వద్దే ఆగిపోతుంది. ఫ్యాన్ల వైపు చివరి వరుసలకు చేరేసరికి గాలి మరింత వేడెక్కుతుంది.

అసలు చిక్కు నీటిది. జూన్‌లో దక్షిణ అరిజోనాలో చదరపు మీటరుపై రోజుకు సుమారు 28 నుంచి 30 మెగాజౌళ్ల సౌరశక్తి పడుతుంది. కిలో నీరు ఆవిరి కావడానికి దాదాపు 2.4 మెగాజౌళ్లు కావాలి. పడిన శక్తిలో సగాన్ని ప్యాడ్ ద్వారా తొలగించాలన్నా చదరపు మీటరుకు రోజుకు ఆరు లీటర్లు అవసరం. ఇది సాగునీటికి అదనం. కొలరాడో నదిలో నీటి కొరత కారణంగా 2022 నుంచి పినాల్ కౌంటీ రైతులు సెంట్రల్ అరిజోనా ప్రాజెక్టు కాలువ నీటిలో అత్యధిక భాగం కోల్పోయిన రాష్ట్రమిది. అక్కడ కిలో దిగుబడికి ఎన్ని లీటర్లని చెప్పేటప్పుడు ప్యాడ్ నీటిని వదిలిపెట్టడం లెక్కల్లో న్యాయం కాదు.

వేడి రాత్రులకు నీడ వల పరిష్కారం చూపదు. శ్వాసక్రియకు పగటి సంపాదన ఖర్చవుతూనే ఉంటుంది. విత్తే కాలం మార్చడమే మార్గమనుకొంటే, ఈ మొక్కలో అధిక రకాలు తక్కువ పగటి కాలానికి పూతకు వచ్చేవి. ఉత్తరాదిన రూపొందిన రకాన్ని ఫీనిక్స్ అక్షాంశంలో ఆలస్యంగా విత్తితే పొట్టిగా ఉన్నప్పుడే పూస్తుంది. వేడిని తట్టుకొనే, దక్షిణ అక్షాంశాలకు తగిన రకాల ఎంపికకు పరిశోధన నిధులు దక్కడం యంత్రాలకు దక్కడంకంటే ముఖ్యం.

తెలుగు రాష్ట్రాలలో గంజాయి సాగు 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం కింద నేరం కనుక ఆ పంట మన విస్తరణ కార్యక్రమంలోనిది కాదు. కానీ ఈ లెక్క మన పాలీహౌస్ క్యాప్సికానికీ వర్తిస్తుంది. కోస్తాలో మే నెల గాలి 40 డిగ్రీలు, 45 శాతం తేమతో ఉన్న రోజున తడి బల్బు ఉష్ణోగ్రత 30కి చేరువ. ప్యాడ్ ఎంత మంచిదైనా లోని గాలి అంతకంటే కిందికి దిగదు. ఎడారిలో ఫలించిన యంత్రాన్ని విజయవాడ రైతుకు సిఫారసు చేసే ముందు స్థానిక తడి బల్బు రికార్డును, రోజువారీ ప్యాడ్ నీటి వినియోగాన్ని నివేదికలో చూపడం తప్పనిసరి చేయాలి. విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలలో ప్రస్తుతం కనిపించే ఉష్ణోగ్రత పట్టిక పక్కన లీటర్లకు మరొక గడి చేర్చడం కష్టమైన పని కాదు. ప్యాడ్ ట్యాంకుకు ఒక నీటి మీటరు అమర్చితే సరిపోతుంది.