పరీక్ష తప్పిన వైద్య పట్టభద్రుల పక్షాన

జాతీయ వైద్య విజ్ఞాన పరీక్షల మండలి అధ్యక్షులకు,

విదేశాలలో వైద్యవిద్య పూర్తిచేసిన భారతీయులు, కొన్ని మినహాయింపులు తప్ప, స్వదేశంలో వైద్యులుగా నమోదు కావడానికి రాయవలసిన అర్హత పరీక్షే ఎఫ్‌ఎంజీఈ. ఏడాదికి రెండుసార్లు జరిగే ఈ పరీక్షలో 300 మార్కులకు 150 రావలసి ఉండగా, 149 వచ్చిన అభ్యర్థికీ 90 వచ్చిన అభ్యర్థికీ దక్కే ఫలితం అనుత్తీర్ణతే. కిర్గిజ్‌స్తాన్, ఫిలిప్పీన్స్‌ల నుంచి తిరిగివచ్చి ఈ పరీక్ష తప్పిన తెలుగు పట్టభద్రుల నిరుత్సాహానికి ఓదార్పు ప్రసంగాలు విరుగుడు కావు; లోపం శరీరనిర్మాణ శాస్త్రంలో ఉందో, శస్త్రచికిత్సలో ఉందో తెలిసినప్పుడే మిగిలిన పని ఎంతో అంచనాకు అంది, మళ్లీ చదవాలన్న పూనిక కలుగుతుంది. కనుక మొత్తం మార్కులతో పాటు విషయాలవారీ మార్కులను కూడా, తదుపరి పరీక్షకు దరఖాస్తులు మొదలయ్యేలోగా, ప్రతి అభ్యర్థికీ విడిగా తెలియజేయవలసిందిగా మండలికి విజ్ఞప్తి.