లండన్ సిస్టంకు అద్దం పట్టడం జవాబు కాదు



పోయిన ఆదివారం కమిటీ మీటింగులో వేసవి చదరంగం తరగతి గురించి ఒక తీర్మానం చదివారు. తెల్లపావులతో ఆడే పిల్లకాయలకు లండన్ సిస్టం ఒక్కటే నేర్పాలట. నల్లపావులతో కూర్చున్నప్పుడు ఎదుటివాడు లండన్ ఆడితే, వాడి వరసనే అద్దంలో చూసినట్టు మనమూ పెట్టి, బిషప్పులు మార్చుకొని, డ్రాకు చూడమని చెప్పాలట. ఇందుకోసం ఒక ఆన్‌లైన్ కోర్సు కొని, అందులోని ఎత్తులు బట్టీ పెట్టించాలట. అందరూ తలలూపారు. సాయంత్రం పూట హాలు వెనక బల్ల దగ్గర ఆడుకునే మేము నలుగురం మాత్రం ఊపలేదు. ఎందుకో చెప్పబోతే టైం లేదన్నారు. అందుకని ఇక్కడ రాస్తున్నాం.

మేము తమిళ మీడియంలో చదివినవాళ్ళం. తెలుగు ఇంట్లో వచ్చింది, అక్షరాలు ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నాం. తప్పులుంటే దిద్దుకొని చదవండి. ఇంకొక మాట. తమిళంలో బిషప్పును మంత్రి అంటారు, తెలుగులో క్వీనును మంత్రి అంటారు. మన హాల్లో సగం తగాదాలు ఈ ఒక్క మాట మీదే. అందుకని బిషప్పు, క్వీను అనే రాస్తాం. మిగతావి మన ఏనుగు, గుర్రం, బంటు.

లండన్ అంటే తెలియనివాళ్ళ కోసం: తెల్లవాడు డీ4 బంటు తోస్తాడు, వెంటనే సీ1 బిషప్పును ఎఫ్4కు తెస్తాడు. తరవాత ఈ3, సీ3 బంట్లు, ఎఫ్3 గుర్రం. ఎదుటివాడు ఏం ఆడినా దాదాపు ఇదే వరస. 1922లో లండన్‌లో జరిగిన పెద్ద పోటీ వల్ల ఆ పేరు వచ్చింది. ఇప్పుడు మన చుట్టుపక్కల ఏ పోటీకి పోయినా పది బల్లల్లో నాలుగింటి మీద ఇదే కనిపిస్తుంది. నేర్చుకోవడం సులువు, రాజుకు భద్రం. మేము దాన్ని తిట్టడం లేదు. ప్రపంచ ఛాంపియన్లే ఆడతారు. మా తగాదా దానికి మనం నేర్పబోయే జవాబుతో.

ఉగాది పోటీలో ఏం జరిగిందో మీరందరూ చూశారు. మన పిల్లకాయలు నల్లపావులతో లండన్‌ను ఎదుర్కొన్న ఆటలు నాలుగు. నాలుగూ పోయాయి. అందులో ఒక ఆట పక్కనే నిలబడి చూశాం. ఆ పాప నేర్పినట్టే ఆడింది. డీ5, ఎఫ్6 గుర్రం, ఈ6, డీ6 బిషప్పు. ఒక్క ఎత్తూ తప్పలేదు. కానీ ఈ6 పెట్టగానే సీ8 మీది బిషప్పు సొంత బంట్ల వెనకే చిక్కుకుంది. తెల్లగుర్రం వచ్చి ఈ5 మీద గట్టిగా కూర్చుంది. డీ3 మీది తెల్లబిషప్పు హెచ్7 వైపు చూస్తూ ఉంది. తరవాత రాజు దగ్గరికి ఒక్కొక్కటే వచ్చాయి. ఆట అయ్యాక ఆ పాప వాళ్ళ నాన్నతో అన్న మాట మాకు వినిపించింది. "వాళ్ళు చెప్పినట్టే ఆడాను కదా నాన్నా, ఇంకేం చేయాలి?" ఆ తరవాత ఆదివారం ఆ పాప రాలేదు. ఇంతవరకూ రాలేదు.

ఆ ప్రశ్నకు మనం జవాబు చెప్పామా? లేదు. ఇంకా ఎక్కువ బట్టీ పెట్టించే కోర్సు కొందామంటున్నాం.

మా జవాబు ఇది. ఎదుటివాడు ఒక పావు కదిపితే, అది ఎక్కడికి వచ్చిందని చూడడం సగం పని. ఏ ఇల్లు వదిలి వచ్చిందని చూడడం మిగతా సగం. సీ1 బిషప్పు ఎఫ్4కు వచ్చింది, సంతోషం. అది కాపలా కాస్తున్న బీ2 బంటు సంగతేమిటి? ఇప్పుడు దానికి దిక్కులేదు. కనుక సీ5 బంటు తోసి నడిమిని కొట్టు, క్వీనును బీ6కు తెచ్చి ఆ బీ2 మీద కన్నేయి. ఇది ఎనిమిదేళ్ళ పిల్లవాడికి కూడా అర్థమవుతుంది. ఇల్లు వదిలి పోయినవాడి తలుపు తట్టడం అంతే.

ఇంట్లో బోర్డు పెట్టి చూడండి. డీ4 డీ5, బిషప్ ఎఫ్4 సీ5, ఈ3 గుర్రం సీ6, సీ3 క్వీన్ బీ6. ఇప్పుడు తెల్లవాడు క్వీనును బీ3కి తెచ్చి అడ్డం పెడితే మనం సీ4 తోస్తాం. క్వీన్లు మార్చుకుంటే మన బంటు బీ6కు వచ్చి ఏనుగుకు ఏ వరస తెరుచుకుంటుంది. మార్చుకోక సీ2కు పోతే బిషప్ ఎఫ్5! ఊరికే వచ్చింది కదా అని దాన్ని తింటే, మన క్వీను బీ2 తిని మూలనున్న ఏనుగును పట్టుకుంటుంది. అది తప్పించుకోలేదు. తెలిసినవాడు తినడు, క్వీనును సీ1కి వెనక్కి లాక్కుంటాడు. అయినా నష్టం లేదు, మన బిషప్పు బయటికి వచ్చేసింది. ఆ పాప బిషప్పు సీ8లో చచ్చిందే, అది.

ఇందులో ప్రమాదం లేదని మేము చెప్పం. తెల్లగుర్రం సీ3కి వచ్చి ఉంటే జాగ్రత్త. అది ఏ4కు దూకి మన క్వీనును తరుముతుంది, లేదా బీ5కు వచ్చి ఎఫ్4 బిషప్పుతో కలిసి సీ7ను చూస్తుంది. ఆకలి పట్టలేక బీ2 తిన్న క్వీను ఇంటికి రాకపోవడం కూడా ఉంది. కనుక తినమని కాదు, బెదిరించమని నేర్పాలి. ఎప్పుడు తినాలో, ఎప్పుడు కూడదో పిల్లకాయ లెక్క వేసుకోవాలి. చదరంగం అంటే అదే కదా.

మాలోనే ఒకాయన జీ6 పెట్టి, బిషప్పును జీ7లో కూర్చోబెట్టి, డీ6 మీద నుంచి ఈ5 తోయడమే మేలంటారు. ఇంకొకాయన గుర్రాన్ని హెచ్5కు పంపి ఆ ఎఫ్4 బిషప్పునే వేటాడమంటారు. రెండూ మంచివే. వాటితో మాకు తగాదా లేదు, ఎందుకంటే ఆ రెండింట్లోనూ ఎదుటివాణ్ణి ఏదో ఒకటి అడుగుతున్నాం. అద్దం వరసలో ఏమీ అడగడం లేదు. అడగనివాడికి ఎవరూ ఏమీ ఇవ్వరు.

అద్దం వాళ్ళు ఒక మాట అంటారు. "పెద్ద ఆటగాళ్ళు కూడా ఈ6 పెట్టి, డీ6లో బిషప్పులు మార్చుకుంటారు కదా?" నిజమే, మార్చుకుంటారు. ఎప్పుడు మార్చుకుంటారో చూశారా? చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేష్ 2024 డిసెంబర్ 12న సింగపూరులో, 18 ఏళ్ళకే ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు మన హాలు ముందు బ్యానర్ కట్టాం, లడ్లు పంచాం. సంతోషమే. కానీ ఆ పోటీలో ఆరో ఆట ఎంతమంది బోర్డు మీద పెట్టి చూశారు? డింగ్ లిరెన్ తెల్లపావులతో లండన్ ఆడాడు. గుకేష్ మూడో ఎత్తులోనే సీ5 తోశాడు. తరవాత సీ8 బిషప్పును ఎఫ్5కు తెచ్చాడు. అది బయటికి వచ్చాకనే ఈ6 పెట్టాడు. ఆ తరవాతనే డీ6లో బిషప్పులు మార్చాడు. ఎత్తులు అవే, వరస వేరు. ముందు తలుపు తీసి మనిషిని బయటికి పంపి, తరవాత తాళం వేశాడు. మనం మనిషిని లోపలే పెట్టి తాళం వేయడం నేర్పుతున్నాం.

ఇంకొక సంగతి. 2023లో అస్తానాలో ఇదే డింగ్, ఆ పోటీలోనూ ఆరో ఆటలోనే, ఇదే లండన్‌తో నెపోమ్నియాషిని ఓడించాడు. గుకేష్ ఆడిన మొదటి ఎత్తులు చాలావరకు ఆ ఆటలోవే. ఒకే దారిలో పోయి ఒకాయన ఓడాడు, ఈయన నిలిచాడు. ఎత్తులను తిప్పి తిప్పి ఆడి డ్రా తీసుకునే దారి ఉన్నా గుకేష్ తీసుకోలేదు, ఇంకా ఆడాడు. చివరికి 46 ఎత్తులకు డ్రాయే అయింది. బట్టీ పెట్టిన ఎత్తులే ఆట గెలిపించేటట్టయితే ఆ రెండు ఆటలకూ ఒకే ముగింపు ఉండాలి కదా?

మేము బుకింగు కౌంటర్లో కూర్చున్నవాళ్ళం. కొత్తగా చేరిన క్లర్కు ఛార్జీల పట్టీ బట్టీ పట్టి మహా వేగంగా టికెట్లు ఇచ్చేవాడు. ఒకరోజు వానకు లైను తెగి బండ్లను వేరే దారిలో తిప్పారు. ఆ కౌంటరు ముందు జనం కేకలు, లోపల ఆ అబ్బాయి కళ్ళలో నీళ్ళు. ఏ జంక్షను నుంచి ఏ లైను పోతుందో తెలిసిన ముసలి క్లర్కు వచ్చి గంటలో సర్దాడు. తప్పు ఆ అబ్బాయిది కాదు, పట్టీ చేతికిచ్చి దారి చూపనివాళ్ళది.

"చిన్నపిల్లలు, ఓడితే రారు, ముందు డ్రాలైనా రానీ" అన్నారు కార్యదర్శిగారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. కానీ అన్నగారూ, పిల్లకాయలు ఓడినందుకు మానడం లేదు. మేమూ చిన్నప్పుడు వందల ఆటలు ఓడాం, మానలేదు. ఎందుకు ఓడామో తెలియనప్పుడే మనసు విరుగుతుంది. ఆ పాప అడిగింది కూడా అదే.

కనుక మా మూడు కోరికలు. కోర్సు డబ్బుతో నాలుగు బోర్డులు, రెండు గడియారాలు కొనండి. నల్లపావులకు సీ5, బీ6 క్వీను ముందు నేర్పండి, ప్రతి ఎత్తుకూ ఎందుకని పిల్లకాయ చేతనే చెప్పించండి. మూడోది, ఆ పాప ఇంటికి కమిటీ నుంచి ఎవరైనా పోయి రండి. ఎవరూ పోకపోతే మేము పోతాం, చేతిలో బోర్డు పట్టుకొనే పోతాం.

మా మాట తప్పనుకునేవాళ్ళు ఈ ఆదివారం అయిదు గంటలకు హాలు వెనక బల్ల దగ్గరికి రండి. కాఫీ మాది. తెల్లపావులు మీరే తీసుకోండి, లండనే ఆడండి.