గుడిలో ప్రొజెక్టరు – వెనుక బల్లకు కనబడాలి



మైలవరం, రెడ్డిగూడెం, జి.కొండూరు ప్రాంతపు సంఘాలలో ఈమధ్య ఒక మాట తరచుగా వినబడుతున్నది. "మన గుడిలో కూడ ప్రొజెక్టరు పెట్టిద్దాం" అని. యౌవనస్థులు ఉత్సాహపడుతున్నారు. పెద్దలు తటపటాయిస్తున్నారు. కోశాధికారి గారు మాత్రం పుస్తకం తెరచి నిల్వ ఎంత ఉన్నదో చూచుకుంటున్నారు. ముగ్గురి పక్షానా న్యాయం ఉన్నది. పల్లె సంఘంలో డబ్బు ఊరికే రాదు. స్త్రీలు ఎసట్లో పోయకముందు తీసిపెట్టిన పిడికెడు బియ్యం, కోత పండుగనాడు వేలం పాడిన గుమ్మడికాయ, కోడిపుంజు, మామిడి తోటల్లో కూలికి వెళ్ళినవారి కానుక – ఇవన్నీ కూడితేనే ఆ మొత్తం. అటువంటి డబ్బుతో కొన్న యంత్రం ఆరు నెలలకు బీరువాలో మూలబడితే, పెద్దలమీద సంఘానికున్న నమ్మకం కూడ దానితోపాటే మూలబడుతుంది. అందుచేత ఈ నెల ప్రొజెక్టరును ఎట్లా ఎంచుకోవాలో, ఎట్లా అమర్చాలో, ఎట్లా నడపాలో వివరంగా వ్రాస్తున్నాము.

వెలుగుతో గోడమీద బొమ్మ చూపడం కొత్త సంగతి కాదు. ఐరోపాలో 17వ శతాబ్దంలోనే మేజిక్ లాంతరు పుట్టింది. గాజు పలక మీద గీసిన బొమ్మను దీపం ముందుంచి, కటకం గుండా తెరమీదికి పంపేవారు. తరువాతి కాలంలో మిషనరీలు అట్టి లాంతర్లను మన దేశపు పల్లెలకు తెచ్చి బైబిలు కథలు చూపించారు. ఆ తరువాత 16 మిల్లీమీటర్ల ఫిలిం వచ్చింది. విజయచందర్ గారు క్రీస్తుగా నటించిన 'కరుణామయుడు' 1978లో విడుదలైంది. ఆ సినిమాను పల్లెల్లో తెల్లని తెర కట్టి, జనరేటరు పెట్టి, రాత్రివేళ చూపించేవారు. జమీందారుల ఆదరణలో నాటక సమాజానికి పేరుపొందిన ఊరు మైలవరం. దీపాలు తగ్గిస్తేనే వేదిక వెలుగుతుందన్న సంగతి ఇక్కడి పెద్దలకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మనం వాడే డిజిటల్ యంత్రాలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ఎల్.సి.డి. ఇందులో వెలుగు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులుగా విడిపోయి మూడు చిన్న పలకల గుండా వెళ్ళి, మరల ఒకటై తెరమీద పడుతుంది. రెండవది డి.ఎల్.పి. 1987లో అమెరికాలోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో లారీ హార్న్‌బెక్ అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన చిప్పు దీనికి మూలం. వేలిగోరంత చోటులో లక్షల కొలది అద్దాలుంటాయి. ఒక్కొక్కటి తల వెంట్రుక మందం కంటె చిన్నది. అవి సెకనుకు వేలసార్లు అటూ ఇటూ వాలుతూ బొమ్మను కట్టిస్తాయి. పాటల అక్షరాలు చూపడానికి రెండు రకాలూ పనికివస్తాయి. రకం కంటె ముందు చూడవలసినది వెలుగు.

కొనే ముందు

ప్రొజెక్టరు నలుపును పంపలేదు. తెరమీద మనకు నల్లగా కనబడేది వెలుగు పడని చోటు మాత్రమే. కిటికీలోనుండి ఎండ తెరమీద పడితే ఆ నలుపు బూడిదరంగుగా మారి అక్షరం వెలిసిపోతుంది. మన ఆరాధనలు ఎక్కువగా ఉదయం జరుగుతాయి. రేకుల గుళ్ళలో, గాలి కొరకు తలుపులన్నీ తీసి ఉంచే గుళ్ళలో, ఇదే మొదటి చిక్కు. కనుక ఒక ఆదివారానికి ప్రొజెక్టరును అద్దెకు తెచ్చి, ఉదయం 10 గంటలకు వేసి చూడండి. రాత్రి బాగా కనబడినదాన్ని చూచి డబ్బు కట్టవద్దు.

వెలుగును లూమెన్లలో కొలుస్తారు. అక్కడ ఒక మోసం ఉన్నది, జాగ్రత్త. చౌకగా దొరికే చిన్న ఎల్.ఇ.డి. యంత్రాల పెట్టెల మీద 8,000, 9,000 లూమెన్లని వ్రాసి ఉంటుంది. అందులో కొన్నింటి అసలు వెలుగు కొన్ని వందలకు మించదు. దుకాణంలో "ఇది ఆన్సి లూమెన్లా?" అని అడగండి. కంపెనీ కాగితంలో ఆన్సి అనిగాని, ఐ.ఎస్.ఓ. 21118 అనిగాని ఉంటే ఆ అంకెను నమ్మవచ్చు. పగటిపూట 8 అడుగుల తెరకు 3,500 నుండి 4,000 ఆన్సి లూమెన్లుంటే మంచిది. చీకటి గదికి మాత్రమే సరిపోయే యంత్రాన్ని పగటి ఆరాధనకు కొనవద్దు.

ఎంత దూరం, ఎంత తెర

యంత్రం వివరాల కాగితంలో 'త్రో రేషియో' అనే అంకె ఉంటుంది. దాన్ని తెర వెడల్పుతో హెచ్చిస్తే యంత్రాన్ని పెట్టవలసిన దూరం వస్తుంది. అంకె 1.5, తెర వెడల్పు 8 అడుగులు అనుకోండి. 1.5ని 8తో హెచ్చిస్తే 12. లెన్సుకూ తెరకూ నడుమ 12 అడుగులుండాలన్నమాట. అదే అంకె 2 అయితే 16 అడుగులు. ఈ చిన్న లెక్క చేయకుండ కొనితెచ్చి, ఆ దూరంలో సరిగ్గా ఫ్యాను తిరుగుతున్నదని తరువాత తెలిసికొన్న సంఘాలు ఉన్నాయి. టేపు పట్టుకొని ముందు కొలవండి, తరువాత బజారుకు వెళ్ళండి.

తెర ఎంత ఎత్తున ఉండాలి? ముందు బల్లల మీద కూర్చున్నవారి తలలు అడ్డురాకుండ, తెర క్రింది అంచు నేలనుండి కనీసం 5 అడుగుల పైన ఉండాలి. ప్రసంగవేదిక వెనుక నడిమధ్యన కాక ఒక ప్రక్కన కట్టితే అయ్యగారి ముఖంమీద అక్షరాలు పడవు. తెర కొనే స్తోమత లేకపోతే, గోడకు నునుపుగా లప్పం పెట్టించి, మెరుపులేని తెల్లరంగు వేయించండి, చాలు.

యంత్రం తెరకు ఎదురుగా, తిన్నగా ఉండాలి. ప్రక్కనుండి గాని క్రిందినుండి వాల్చిగాని వేస్తే బొమ్మ ఒకవైపు వెడల్పై బల్లపరుపు చెడుతుంది. దీన్ని సరిచేయడానికి 'కీస్టోన్' అనే మీట ఉన్నది. కాని అది బొమ్మను నొక్కి సరిచేస్తుంది, అంత మేరకు అక్షరం పదును తగ్గుతుంది. కనుక మొదట యంత్రాన్ని జరిపి సరిచేయండి, మిగిలిన కొద్దిపాటి వంకరకే కీస్టోన్ వాడండి. పైకప్పుకు తలక్రిందులుగా బిగిస్తే, మెనూలో 'సీలింగ్' అనే దానిని ఎంచుకోగానే బొమ్మ నిలువవుతుంది. బిగించేటప్పుడు స్లాబుకు గట్టి మేకు దిగాలి. రేకుల క్రింద అయితే ఇనుప దూలానికే బిగించాలి. దాని క్రింద మన పిల్లలు కూర్చుంటారు.

కరెంటు, తీగలు

సామాన్యమైన దీపపు ప్రొజెక్టరు 250 నుండి 350 వాట్లు తీసుకుంటుంది. ఎర్తింగు ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు తప్పనిసరి. ప్రొజెక్టరు, లాప్‌టాపు, సౌండు పెట్టె ఈ మూడింటికీ ఒకే బోర్డునుండి కరెంటు ఇవ్వండి. వేర్వేరు చోట్లనుండి ఇస్తే స్పీకర్లలో 'గుంయ్' మనే రొద వస్తుంది. ఇన్వర్టరు పెట్టదలిస్తే సైన్ వేవ్ రకం మంచిది. తీగలను నడవలో వదలవద్దు. గోడవెంట పట్టీలో వేయించండి.

బొమ్మకు హెచ్.డి.ఎం.ఐ. తీగ వాడండి. 30 అడుగుల వరకు మంచి తీగ చాలు. అంతకు మించితే మామూలు తీగతో బొమ్మ మిణుకుమిణుకుమంటుంది. ఒక చిక్కు తరచుగా వస్తుంది: తీగ తగిలించగానే లాప్‌టాపు శబ్దం ప్రొజెక్టరులోని చిన్న స్పీకరుకు పోతుంది. అప్పుడు లాప్‌టాపులో శబ్దం వెళ్ళే చోటును మార్చి, వేరొక తీగతో సౌండు పెట్టెకు కలపాలి.

నడిపే క్రమం

ఆరాధనకు అరగంట ముందే వేయండి. మొదట ప్రొజెక్టరు, తరువాత లాప్‌టాపు. బొమ్మ రాకపోతే కంగారుపడక రిమోటులో 'సోర్స్' నొక్కి హెచ్.డి.ఎం.ఐ. ఎంచుకోండి. లాప్‌టాపులో విండోస్ గుర్తుగల మీటను, 'పి' అక్షరాన్ని కలిపి నొక్కితే రెండు చోట్లా ఒకే బొమ్మ కావాలా, వేర్వేరుగా కావాలా అని అడుగుతుంది. లెన్సు చుట్టూ ఉన్న వలయాన్ని త్రిప్పి అక్షరాలు పదునెక్కేవరకు సరిచూడండి. ఇంటర్నెట్టును ఆపివేయండి. ప్రార్థన నడుమ ఎవరి వాట్సాప్ సందేశమో సంఘమంతటి ముందర తెరమీద పడకూడదు.

పాట నడుమ చరణం మారితే వెదకనక్కరలేదు. పవర్‌పాయింట్లో ఆ స్లైడు సంఖ్య కొట్టి ఎంటరు నొక్కితే నేరుగా అక్కడికి పోతుంది. పల్లవి 2వ స్లైడయితే 2, ఎంటరు. అంతే. వాక్యపరిచర్య సమయంలో 'బి' నొక్కండి, తెర నల్లబడుతుంది. మరల నొక్కితే వెలుగుతుంది. లైబ్రెఆఫీసు, ఓపెన్ ఎల్.పి. వంటివి ఉచితంగా దొరుకుతాయి. దొంగ కాపీలు గుడిలో వాడవలసిన అవసరం లేదు.

ఆపేటప్పుడు మెయిన్ స్విచ్చి కట్టేయవద్దు. రిమోటుతో ఆపి, లోపలి ఫ్యాను ఆగేవరకు వేచి ఉండండి. వేడి మీద ఉన్న దీపానికి గాలి ఆగిపోతే దాని ఆయుస్సు తగ్గుతుంది. దీపం సాధారణంగా 3,000 నుండి 5,000 గంటలు వెలుగుతుంది. ఎకో పద్ధతిలో ఇంకా ఎక్కువ. లేజరు, ఎల్.ఇ.డి. రకాలు 20,000 గంటల దాకా వస్తాయి గాని ఖరీదెక్కువ. కొనేటప్పుడే క్రొత్త దీపం ధర అడిగి వ్రాసిపెట్టుకోండి. మన మెట్ట ప్రాంతపు దుమ్ముకు గాలిజల్లెడ త్వరగా మూసుకుపోతుంది. నెలకొకసారి తీసి మెత్తని కుంచెతో దులపండి. వెలుగుతున్న లెన్సులోకి పిల్లలను తొంగిచూడనివ్వవద్దు.

తెలుగు అక్షరం

అన్నిటికంటె ఎక్కువ మంది చిక్కుపడేది ఇక్కడే. డి.టి.పి. సెంటర్లో అను ఫాంటులో కొట్టించిన పాట మరొక లాప్‌టాపులో తెరిస్తే అర్థంకాని ఇంగ్లీషు గుర్తులుగా కనబడుతుంది. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. పాటలన్నీ యూనికోడ్‌లోనే కొట్టించండి, అప్పుడు ఏ యంత్రంలోనైనా తెలుగు తెలుగుగానే వస్తుంది.

ఎంత పెద్ద అక్షరం? ప్రతి 10 అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు చొప్పున లెక్క వేయండి. చివరి బల్ల 40 అడుగుల దూరంలో ఉంటే అక్షరం 4 అంగుళాలు. మన ఒత్తులకు, గుడులకు పైన క్రింద ఇంకా చోటు కావాలి. కాబట్టి 5 అడుగుల ఎత్తు తెరమీద 6 పంక్తులకు మించవద్దు. వెనుక పూలతోటలు, జలపాతాలు పెట్టకండి. గుడిలో వెలుతురు ఎక్కువగా ఉంటే తెల్లని నేలమీద నల్లని అక్షరం, చీకటిగా ఉంటే ముదురు నీలం మీద తెల్లని అక్షరం బాగుంటాయి. అన్నీ తయారైన తరువాత ఒకరు చివరి బల్లమీద కూర్చొని పైకి చదవాలి. అది కండ్లద్దాలు పెట్టుకునే పెద్దవారయితే మరీ మంచిది. తప్పులు కూడ అప్పుడే దిద్దాలి. ఒక్క ఒత్తు జారితే అర్థం మారిపోతుంది, సంఘమంతా ఆ తప్పునే పాడుతుంది.

ఎవరిని మరచిపోకూడదు

చదువురాని తల్లులు మన సంఘాలలో ఉన్నారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు వారికి పుస్తకంలో లేవు, కంఠంలో ఉన్నాయి. తెర వచ్చినదని వారికి తెలియని క్రొత్త పాటలే ప్రతివారం పాడితే, ఎన్నో ఏండ్లుగా పాడినవారు మౌనంగా కూర్చోవలసి వస్తుంది. ప్రతి ఆదివారం రెండు పాత కీర్తనలైనా ఉండనివ్వండి. క్రొత్త పాటను ఆరాధనకు ముందు ఒకసారి నేర్పించండి. పాటల పుస్తకాలను, బైబిళ్ళను ఇంటిలో వదలి రావడం అలవాటు కానివ్వవద్దు. కరెంటు పోయిన ఆదివారం కూడ ఆరాధన జరగాలి కదా.

మరొక సంగతి. ఎవరెంత కానుక ఇచ్చారో తెరమీద వేసే అలవాటు కొన్నిచోట్ల మొదలైనది. దయచేసి వద్దు. రెండు కాసులు వేసిన విధవరాలిని ప్రభువు చూచినది తెరమీద కాదు. సహాయం పొందిన బీదవారి ఫోటోలు కూడ వద్దు. వారి పిల్లలు అదే గుడిలో కూర్చొని ఉంటారు.

నడిపే బాధ్యత ఒక్కరిమీదే పెట్టవద్దు. మైలవరంలో 1998 నుండి ఇంజనీరింగు కళాశాల ఉన్నది. తరగతి గదిలో ప్రొజెక్టరు చూచిన పిల్లలు మన ఇండ్లలోనే ఉన్నారు. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, వారితో ఒక పెద్ద – ముగ్గురికి నేర్పించండి. తీగల వరుస, దీపం గంటలు, దుమ్ము దులిపిన తేదీ ఒక నోటుపుస్తకంలో వ్రాయించండి. కొన్న బిల్లును, వారంటీ కార్డును సంఘపు ఫైలులో ఉంచండి, ఎవరి ఇంట్లోనూ కాదు.

ఇవన్నీ లెక్కచూచిన మీదట, ఈ ఏడు మనకు ప్రొజెక్టరు కంటె రెండు ఫ్యాన్లు, యాభై పాటల పుస్తకాలు ముఖ్యమని తేలితే సిగ్గుపడనక్కరలేదు. అదీ మంచి నిర్ణయమే. కొనడమే మంచిదని తేలితే మాత్రం కొలిచి, అడిగి, పగటిపూట వేసిచూచి కొనండి. వెనుక బల్లమీది అవ్వ "కనబడుతున్నది నాయనా" అన్న తరువాతే డబ్బు కట్టండి.