సైనికుడి పక్కన నిలిచేవారిని గుర్తిద్దాం

వెన్నుపాము దెబ్బతిని కాళ్లు చచ్చుబడిన మనిషికి నడుము కింద స్పర్శ తెలియదు. ఒకే పక్కన గంటల తరబడి పడుకున్నా నొప్పి పుట్టదు కాబట్టి ఒత్తిగిల్లాలన్న ధ్యాసే ఉండదు. ఎముక ఒత్తుకున్న చోట మొదట చర్మం ఎర్రబడుతుంది. తర్వాత పుండు పడుతుంది. పట్టించుకోకపోతే అది ఎముక దాకా పోతుంది, ప్రాణం మీదికీ వస్తుంది. అలా కాకుండా చూడటానికి ఖరీదైన మందేమీ అక్కర్లేదు. రెండు గంటలకోసారి ఎవరో ఒకరు వచ్చి మనిషిని పక్కకు తిప్పాలి. రాత్రి పదింటికి, పన్నెండింటికి, రెండింటికి, మళ్లీ నాలుగింటికి. దుప్పటి ముడతలు సరిచేయాలి, మడమలు పరుపుకు ఆనకుండా కాళ్ల కింద దిండు పెట్టాలి, తుంటి దగ్గర చర్మం రంగు చూడాలి, మూత్రం గొట్టం మడతపడలేదని రూఢి చేసుకోవాలి.

పుణె పక్కన కిర్కీలో ఉన్న పారాప్లెజిక్ రిహాబిలిటేషన్ సెంటర్‌కు ఇది నిత్యకృత్యం. యుద్ధంలోనో, సరిహద్దు విధుల్లోనో, ప్రమాదంలోనో నడుము కిందో మెడ కిందో శరీరం చచ్చుబడిన మాజీ సైనికుల కోసం 1974లో ఏర్పడిన సంస్థ అది. పంజాబ్‌లోని మొహాలీలోనూ ఇలాంటిదే ఒకటుంది. కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే సాయం, దాతల విరాళాలు వీటికి ఆధారం. కిర్కీలో వీల్‌చైర్ మీద బాస్కెట్‌బాల్ ఆడేవారున్నారు. చేతులు కూడా పనిచేయని స్థితిలో కుంచె నోట కరిచి బొమ్మలు వేసేవారున్నారు. వారి గురించి పత్రికలు రాస్తాయి, రాయాల్సిందే. కానీ అలా బొమ్మ వేసే మనిషిని పొద్దున్నే లేపి, మలమూత్రాల పని చూసి, స్నానం చేయించి, కుర్చీలో కూర్చోబెట్టి, కుంచె నోటికి అందించే మనిషి ఒకరుండాలి. ఆ మనిషి పేరు ఏ వార్తలోనూ కనిపించదు.

మాజీ సైనికుల కోసం పనిచేసే సంస్థల్లో ఎవరికి గౌరవం దక్కుతోందో గమనిస్తే ఈ వెలితి స్పష్టంగా తెలుస్తుంది. భవనం కట్టించిన దాత పేరు పాలరాతి పలక మీద ఉంటుంది. ప్రారంభించిన ముఖ్య అతిథి పేరూ ఉంటుంది. అది తప్పు కాదు, వాళ్లు ఇవ్వకపోతే గోడలే లేచేవి కావు. అయితే ఆ గోడల మధ్య ఇరవై ముప్పై ఏళ్లు రాత్రి డ్యూటీలు చేసి రిటైరయ్యే ఆయాకు, వార్డుబాయ్‌కి, వంటమనిషికి, అంబులెన్సు డ్రైవరుకు, రూపాయి తీసుకోకుండా వచ్చి ఉత్తరాలు రాసిపెట్టే వలంటీరుకు కూడా ఒక చోటుండాలి. వారిని పేరు పెట్టి, చేసిన పని చెప్పి గౌరవించడం సంస్థల బాధ్యత. అంతకు మించి, ఆ సైనికుల కాపలాలో నిశ్చింతగా నిద్రపోయిన సమాజం బాధ్యత.

పెద్ద పేర్ల వెనక చిన్న ఉద్యోగుల శ్రమ ఎలా మరుగున పడుతుందో చెప్పడానికి ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆస్పత్రి చరిత్రను మించిన ఉదాహరణ లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్నుపాము తెగిన సైనికుల్లో ఎక్కువమంది పుండ్లతో, మూత్రపిండాల ఇన్ఫెక్షన్లతో ఎంతో కాలం బతకలేదు. 1944 ఫిబ్రవరిలో అక్కడ వెన్నుపాము గాయాల వార్డు తెరిచిన డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ ఆ తలరాతను ఒప్పుకోలేదు. పగలూ రాత్రీ రెండు గంటలకోసారి రోగిని తిప్పాల్సిందేనని పట్టుబట్టారు. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ ప్రారంభమైన రోజునే, వీల్‌చైర్లలో ఉన్న 16 మంది మాజీ సైనికులు, సైనికురాళ్లతో ఆయన విలువిద్య పోటీ పెట్టారు. నేటి పారాలింపిక్స్‌కు అదే మొదలు. గుట్‌మన్‌కు సర్ బిరుదు వచ్చింది. ఆయన దానికి అన్ని విధాలా అర్హుడు. కానీ ఆయన రాసిన ఆదేశాన్ని అర్ధరాత్రి రెండింటికి అమలు చేసింది వార్డులోని నర్సులు, ఆర్డర్లీలు. మనిషిని ఎత్తి తిప్పే చేతులు లేకపోతే ఆ వైద్యమే లేదు.

ఆ పోటీలు పెరిగి పెద్దవై 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌కు చేరినప్పుడు, ఈతలో బంగారు పతకం గెలిచిన భారతీయుడు మురళీకాంత్ పేట్కర్. 1965 యుద్ధంలో తూటాలు తగిలి కాళ్లు చచ్చుబడిన జవాను ఆయన, సైన్యంలో ఈఎంఈ అనే సాంకేతిక విభాగానికి చెందినవారు. 2018లో పద్మశ్రీ ఇచ్చారు, ఆయన జీవితం సినిమా కూడా అయింది. క్రికెటర్ విజయ్ మర్చంట్ తన స్వచ్ఛంద సంస్థ ద్వారా ఆయన ప్రయాణ ఖర్చులకు చేయూతనిచ్చారన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. మర్చంట్ లాంటి ప్రసిద్ధుడి సాయమే ఇలా మరుగున పడితే, ఆస్పత్రిలో పేట్కర్‌తో మొదటిసారి వ్యాయామం చేయించినవారిని ఎవరు తలచుకుంటారు?

ఈ పనిని నైపుణ్యం అక్కర్లేని చాకిరీ అనుకునేవారు కొందరుంటారు. వారికి ఒక్క విషయం చెప్పాలి. వెన్నుపాము పై భాగంలో దెబ్బతిన్నవారికి మూత్రం గొట్టం పూడుకుపోతే బీపీ ఒక్కసారిగా ఆకాశాన్ని అంటుతుంది. తల పగిలిపోయేంత నొప్పి, మొహం ఎర్రబడటం, చెమటలు. తలనొప్పి మాత్ర ఇచ్చి పడుకోబెడితే మెదడులో రక్తనాళం చిట్లే ప్రమాదం ఉంది. అనుభవం ఉన్న అటెండరు మొహం చూడగానే పసిగడతాడు. మనిషిని లేపి నిటారుగా కూర్చోబెడతాడు, గొట్టం మడత విప్పుతాడు, నర్సును కేకేస్తాడు. నిమిషాల్లో బీపీ దిగుతుంది. అలాంటి మనిషి ఐదువేలు ఎక్కువొస్తాయని ఇంకో ఉద్యోగానికి వెళ్లిపోతే, ఆ వార్డు పోగొట్టుకున్నది ఒక జీతగాడిని కాదు, కొన్ని ప్రాణాల భరోసాను. అందుకే గుర్తింపు అంటే శాలువాతో సరిపెట్టే వ్యవహారం కాకూడదు. ఉద్యోగ భద్రత, ఆరోగ్య బీమా, నేర్చుకున్న పనికి ఒక సర్టిఫికెట్, సీనియారిటీకి తగిన జీతం, నడుం పట్టేయకుండా బరువెత్తే పరికరాలు, ఇవన్నీ గుర్తింపులో భాగమే. ఇంకా చెప్పాలంటే ముందు రావాల్సినవి ఇవే.

ఇక ఈ సేవలో మంచం దగ్గర కాకుండా కాగితాల దగ్గర జరిగేది ఇంకో సగం. తెలుగు ఊళ్లకు ఇది బాగా తెలిసిన కష్టం. పశ్చిమ గోదావరిలోని మిలిటరీ మాధవరం మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ సైన్యానికి మనుషులను పంపుతూ ఆ పేరు తెచ్చుకుంది. అలాంటి ఊళ్లలోనే కాదు, రెండు రాష్ట్రాల్లో ఏ మండలంలో చూసినా ఒక మాజీ సైనికుడి ఇల్లు ఉంటుంది. ఆయన పోయాక భార్యకు ఫ్యామిలీ పెన్షన్ రావాలి. అక్కడ మొదలవుతుంది అసలు పని. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది. ఎప్పుడో నలభై ఏళ్ల కింద రికార్డ్స్ ఆఫీసులో తెలుగు రాని గుమాస్తా దాన్ని వెనక్కి వేసి ఉంటాడు, లేదా వదిలేసి ఉంటాడు. డిశ్చార్జి బుక్కులో 'లక్ష్మి', ఆధార్‌లో 'వెంకట లక్ష్మమ్మ', బ్యాంకు పాసుబుక్కులో ఇంకోటి. పెళ్లి సంగతి సైన్యం రికార్డుకెక్కించే పార్ట్ టూ ఆర్డర్‌లో నమోదే కాలేదంటే, పెన్షన్ మంజూరు పత్రమైన పీపీవోలో ఆమె పేరే ఉండదు. ఇప్పుడు పెన్షన్లన్నీ స్పర్శ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి వచ్చాయి. దానితో చాలామందికి మేలు జరిగింది. స్మార్ట్‌ఫోన్ లేని, ఉన్నా ఓటీపీ అంటే బెదిరిపోయే డెబ్బై ఏళ్ల మనిషికి మాత్రం అదొక కొత్త గండం. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. వేలిముద్రలు అరిగిపోయి మిషన్ పట్టకపోతే దానికీ ఎవరో ఒకరు దారి చూపాలి.

ఆ ఎవరో ఒకరు సాధారణంగా ఊళ్లోనే ఉంటారు. హవల్దారుగానో సుబేదారుగానో రిటైరై వచ్చి, మాజీ సైనికుల సంఘంలో ఉంటూ, సంచీలో కాగితాలు పెట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి బస్సులో తిరిగే మనిషి. "సుబేదారు గారూ, ఈ నెల డబ్బులు పడలేదండీ" అని పెద్దావిడ గుమ్మంలోకి వస్తే, "కూర్చోండమ్మా, ఆ పుస్తకం ఇలా ఇవ్వండి" అని కళ్లజోడు తీసి పెట్టుకునే మనిషి. ఆ కార్యాలయంలో వెల్ఫేర్ ఆర్గనైజర్లుగా పనిచేసేవాళ్లూ చాలాచోట్ల మాజీ సైనికులే. ఒక్క అఫిడవిట్ కోసం నోటరీ దగ్గరికి, తహసీల్దారు ఆఫీసుకు, బ్యాంకుకు తిరిగి, రికార్డ్స్ ఆఫీసుకు మళ్లీ మళ్లీ రాసి, చివరికి ఆగిపోయిన పెన్షన్ పడిన రోజు ఆ ఇంట్లో పొయ్యి నిశ్చింతగా వెలుగుతుంది.

డబ్బు లేక కాదు, ఉన్న డబ్బుకూ అర్హులకూ మధ్య మనిషి లేక నష్టపోయేవాళ్లు ఎందరో. పెన్షన్ రాని మాజీ సైనికులకు, అలాంటివారి వితంతువులకు 65 ఏళ్లు దాటితే సాయుధ దళాల పతాక దినోత్సవ నిధి నుంచి నెలనెలా సాయం అందే పథకం ఉంది. 2025లో రక్షణ శాఖ దాన్ని 4 వేల నుంచి 8 వేల రూపాయలకు పెంచింది. ఇలాంటి సాయం ఉందని చెప్పి, దరఖాస్తు నింపించి, సంతకాలు పెట్టించేవారు లేకపోతే ఆ పెంపు కాగితం మీదే ఉంటుంది.

బ్రిటన్‌లో ఈ పనికి నూట నలభై ఏళ్ల చరిత్ర ఉంది. 1885లో ఈజిప్టు దండయాత్రకు సైనికులు బయల్దేరుతుంటే, వెనక మిగిలిన భార్యాబిడ్డల సంగతేమిటని మేజర్ జేమ్స్ గిల్డీ పత్రికకు ఉత్తరం రాశారు. అందులోంచి పుట్టిన సాఫా అనే సంస్థకు నేటికీ ప్రాణం వలంటీర్లే. ఇంటికి వెళ్లి కూర్చుని కష్టం విని, ఆ సైనికుడి రెజిమెంటు సహాయ నిధికి దరఖాస్తు రాసిపెడతారు. ఆ దేశంలో వలంటీరు బృందాలకు ఇచ్చే ప్రభుత్వ పురస్కారం కూడా ఒకటుంది. 2002లో రాణి పేరుతో మొదలై ఇప్పుడు రాజు పేరుతో కొనసాగుతోంది. అందులో గమనించదగ్గ నిబంధన ఒకటి: బృందంలోనివారు తమ పేరు తాము పంపుకోకూడదు. వారి సేవ పొందినవారో, ఆ సేవను దగ్గరగా చూసినవారో పంపాలి. మన దేశంలో మాజీ సైనికుల సంస్థలు, సైనిక బోర్డులు తీసుకోవాల్సింది ఈ ఒక్క పద్ధతినే. ఎవరు బాగా చూసుకున్నారో అధికారికన్నా మంచంలో ఉన్న మనిషికి బాగా తెలుసు.

ఇలాంటి సేవ ఫలితం ఎంత దూరం ప్రయాణిస్తుందో తెలుగువారికే ఒక సాక్ష్యం ఉంది. 1915లో గాలిపోలీ యుద్ధంలో చూపు కోల్పోయిన న్యూజిలాండ్ సైనికుడు క్లూతా మెకంజీ. అంధ సైనికుల కోసం లండన్‌లో పుట్టిన సెయింట్ డన్‌స్టన్స్ సంస్థ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో దెహ్రాదూన్‌లో భారత సైనికులకు ఒక హాస్టల్ నడిపింది. దానికి మెకంజీ సారథి. చూపు పోయిన జవాన్లకు అక్కడ చదువు, చేతిపనులు నేర్పారు. భారతీయ భాషలన్నిటికీ ఒకే తీరు బ్రెయిలీ ఉండాలన్న కృషిలోనూ ఆయనది ముఖ్యపాత్ర. 1951లో రూపు దిద్దుకున్న ఆ భారతి బ్రెయిలీలోనే నేడు తెలుగు పిల్లలు 'అ ఆ'లు తడిమి చదువుతున్నారు. దెహ్రాదూన్‌లోని ఆ హాస్టల్ నేడు దృష్టి లోపం ఉన్నవారి జాతీయ సంస్థగా ఎదిగింది.

ఇలా సేవ చేసేవారిని గౌరవించడానికి క్యాలెండరులో తగిన చోటు ఇప్పటికే ఉంది. డిసెంబరు 5 అంతర్జాతీయ వలంటీర్ల దినోత్సవం, 1985లో ఐక్యరాజ్యసమితి నిర్ణయించింది. డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినోత్సవం, 1949 నుంచి జరుపుతున్నాం. ఏటా ఆ రోజు కలెక్టరుకు, మంత్రులకు చిన్న జెండా పెట్టి విరాళం తీసుకునే ఫొటోలు వస్తాయి. అదే సభలో, ప్రతి జిల్లాలో ఒక జీతగాడిని, ఒక వలంటీరును వేదిక మీదికి పిలవాలి. వారు ఏ ఊళ్లో ఎవరి పెన్షన్ నిలబెట్టారో, ఏ వార్డులో ఎన్నేళ్లు రాత్రి డ్యూటీ చేశారో చదివి వినిపించాలి. పొగడ్తలు అక్కర్లేదు, చేసిన పని చెబితే చాలు. వలంటీరుకు గుర్తింపు కార్డు, బస్సు చార్జీలు ఇవ్వాలి. కాంట్రాక్టు మీద ఏళ్ల తరబడి ఉన్నవారిని పర్మనెంటు చేసే గడువు ప్రకటించాలి.

సేవ చేసేవాళ్లు ఇవేవీ అడగరన్నది నిజమే. అడగరు కాబట్టే ఇవ్వనక్కర్లేదన్న వాదన మాత్రం అన్యాయం. సైనికుడూ పతకం అడిగి యుద్ధానికి వెళ్లడు, అయినా దేశం ఇస్తోంది.

ఎంపికకు పెద్ద కమిటీలు వద్దు. పేర్లు పంపే హక్కు మాజీ సైనికులకు, వారి భార్యలకు, కుటుంబాలకు ఇవ్వాలి. దరఖాస్తు తెలుగులో, ఒకే పేజీలో ఉండాలి. రాయలేనివారు ఫోన్ చేసి చెబితే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో రాసుకునే ఏర్పాటు ఉండాలి. పేర్లు తీసుకోవడం సెప్టెంబరులో మొదలుపెడితే డిసెంబరు 7 నాటికి ప్రతి పేరునూ విచారించడానికి మూడు నెలల వ్యవధి దొరుకుతుంది.